ఒక బోరు, రెండు నేలలు: నర్సంపేట వైపు మిర్చి తోటలో తేమ సెన్సార్ల కేస్ స్టడీ

మూడెకరాల మిర్చి తోట. పైన రెండెకరాలు ఎర్ర చెలక (నీళ్లు త్వరగా జారిపోయే తేలిక నేల), కింద వాగు వైపు ఎకరం నల్లరేగడి. మధ్యలో గెట్టు కూడా లేదు. నీళ్లకు ఒకటే బోరు, 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటరు. ఎకరానికొక వాల్వు, మల్చింగ్ షీటు కింద డ్రిప్పు. రోజు విడిచి రోజు ఒక్కో వాల్వుకు మూడు గంటలు నీళ్లు. అక్టోబరు చివరికల్లా పై చెలకలో పూత రాలడం మొదలైంది. అదే వారంలో కింది రేగడిలో అక్కడక్కడా మొక్కలు తలలు వాల్చి ఎండు తెగులు కనిపించింది.

‘పైది ఎండుతాంది, కిందిది మురుగుతాంది’ అనే మాట వరంగల్, మహబూబాబాద్ జిల్లాల మిర్చి తోటల్లో కొత్తది కాదు. దానికి మామూలుగా జరిగే వైద్యమూ తెలిసిందే. పైన పూత నిలబడే మందు కొడతారు, కింద లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడుపుతారు. ఈ తోటలో రెండు జబ్బులకూ మూలం ఒకే మూడు గంటల టైమర్. దాన్ని తీసి తేమ సెన్సార్లతో నడిచే వాల్వులు పెట్టిన తీరు, అందులో ఏది పనిచేసింది, ఏది చెడింది, ఎందుకు చెడింది అన్నది ఈ వివరం.

ముందు లెక్క, తర్వాత పరికరం

సెన్సార్ కొనే ముందు చేయాల్సిన పని డ్రమ్ము పెట్టి బోరు కొలవడం. 200 లీటర్ల డ్రమ్ము 50 సెకన్లలో నిండింది, అంటే గంటకు 14,400 లీటర్లు. డ్రిప్పు పైపుల మధ్య ఐదడుగులు, అంటే మీటరున్నర. డ్రిప్పరు డ్రిప్పరుకు 40 సెం.మీ., ఒక్కోటి గంటకు 2 లీటర్లు ఇస్తుంది. ఎకరానికి దాదాపు 2,700 మీటర్ల పైపు, 6,750 డ్రిప్పర్లు, గంటకు 13,500 లీటర్లు. బోరు ఒకసారికి ఒక ఎకరాన్నే సరిగ్గా తడపగలదు. ఆ నీళ్లను నేల మీద పరిస్తే గంటకు 3.3 మి.మీ. వాన పడ్డట్టు లెక్క. మూడు గంటలకు 10 మి.మీ.

నవంబరులో మిర్చి రోజుకు 4 మి.మీ. తాగుతుందనుకుందాం. రెండు రోజులకు 8. పదిచ్చి ఎనిమిది వాడుకుంటే బాగానే ఉందిగా అనిపిస్తుంది. తేడా నేలలో ఉంది. చెలకలో వేర్లున్న 30 సెం.మీ. లోతులో, డ్రిప్పు తడిపే పట్టీ వరకే చూస్తే, మొక్కకు అందే నీళ్లు 15 మి.మీ. అటూఇటూ. అందులో మూడో వంతు, అంటే 5 మి.మీ. ఖర్చు కాగానే మిర్చికి ఇబ్బంది మొదలవుతుంది. రెండో రోజు సాయంత్రానికి ఎనిమిది ఖర్చయిపోయి ఉంటాయి. పూత అప్పుడే రాలుతుంది. మళ్లీ పది ఇచ్చినప్పుడు పట్టేది ఎనిమిదే, మిగతా రెండు యూరియాను వెంటబెట్టుకుని కిందికి పోతాయి. రేగడిలో అదే పట్టీ 30 మి.మీ. పైనే పట్టుకుంటుంది, పదీ ఆగుతాయి. ఖర్చయ్యేది ఎనిమిది, పైనుంచి చెలక ఊట అదనం. వేర్లకు గాలి ఆడని తడి రోజురోజుకూ పేరుకుంటుంది.

అంటే చెలకకు రోజూ కొంచెం, రేగడికి రెండున్నర రోజులకోసారి గట్టిగా కావాలి. టైమర్‌తో ఇంతవరకూ చేయొచ్చు. కానీ నవంబరులో అల్పపీడనం వాన కురిస్తే, జనవరిలో చలి ముదిరితే, మార్చిలో ఎండ పెరిగితే లెక్క మారుతుంది. బోరు కూడా మారుతుంది. ఎండాకాలం అదే డ్రమ్ము 65 సెకన్లు తీసుకుంటే గంటకు 11,000 లీటర్లే వస్తున్నట్టు. అప్పుడు ‘మూడు గంటలు’ అన్న మాటకు అర్థమే వేరు. సెన్సార్ అవసరం ఇక్కడ వస్తుంది.

ఏ సెన్సార్

మార్కెట్లో చవగ్గా దొరికేవి కెపాసిటివ్ రకం, నేలలో నీరు ఎంత శాతం ఉందో చెబుతాయి. రెండు నేలలున్న చోట ఆ శాతం తప్పుదారి పట్టిస్తుంది. చెలకలో 22 శాతం అంటే దాదాపు బురద. రేగడిలో అదే 22 శాతం అంటే మొక్క వాడిపోవడానికి దగ్గర్లో ఉన్నట్టు, ఎందుకంటే ఆ బంకమట్టి మిగతా నీళ్లను వేర్లకు వదలదు. పైగా రేగడిలో బంక, ఉప్పు కలిసి అంకెను పైకి లాగుతాయి. డ్రిప్పులో ఎరువు పంపిన రోజు నీళ్లు పెరగకపోయినా రీడింగ్ ఎగురుతుంది. ఆ రకమే వాడాల్సి వస్తే మట్టితో సరిచూసుకోక తప్పదు. 100 ఘన సెం.మీ. పట్టే ఇనుప రింగుతో మట్టి తీసి, వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, బరువు తగ్గడం ఆగేదాకా పెనం మీద సన్నమంటన ఆరబెట్టి మళ్లీ తూచాలి. 162 గ్రాములు 140కి వస్తే తేమ 22 శాతం. ప్రయోగశాలలో 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు పెడతారు, పెనం దానికి పేదింటి చుట్టం. చవక బోర్డుల అంచులకు పూత ఉండదు. ఎపాక్సీ పూయకపోతే అంచులోంచి తడి పాకి కొన్ని వారాల్లో అంకె దారి తప్పుతుంది.

ఈ తోటలో పెట్టినవి గ్రాన్యులర్ మ్యాట్రిక్స్ రకం, అవి నీరు ఎంత ఉందో కాకుండా వేరు దాన్ని ఎంత బలంగా లాగాల్సి వస్తోందో చెబుతాయి. కొలత సెంటీబార్లలో ఉంటుంది. అంకె పెరిగితే ఎండినట్టు, తగ్గితే తడి. ఏ నేలలోనైనా 10 లోపు ఉంటే నీరు నిండి ఉన్నట్టే. చెలకలో 20 నుంచి 25 దాటగానే, రేగడిలో 40 దగ్గర నీళ్లివ్వాలని పెట్టుకున్నాం. దీనికీ లోపాలున్నాయి. బాగా ఇసుక పాలున్న చెలకలో నెమ్మదిగా కదులుతుంది, మట్టి వేడెక్కితే అంకె మారుతుంది. అందుకే నిర్ణయానికి పొద్దున 6 గంటల రీడింగే తీసుకోవాలి. సొంతంగా బోర్డు కట్టేవాళ్లు దీనికి డీసీ కరెంటు ఒకే దిశలో ఇవ్వకూడదు, క్షణకాలం ఇటు, క్షణకాలం అటు మార్చి ఇవ్వాలి. లేకపోతే లోపలి ఎలక్ట్రోడ్లు తినుకుపోతాయి.

పాతడం

చాలా సెన్సార్ వ్యవస్థలు చెడేది ఇక్కడే. డబ్బాలోంచి తీసి పొడిగా పాతితే రెండు వారాలు అర్థంలేని అంకెలొస్తాయి. రాత్రంతా బక్కెట్లో నానబెట్టి, పగలు ఆరబెట్టి, ఇలా రెండు మూడు సార్లు చేసి, చివరికి తడిగానే పాతాలి.

ఎకరానికొక స్టేషన్, ఒక్కో స్టేషన్‌లో రెండు లోతులు: 15 సెం.మీ., 30 సెం.మీ. మొత్తం ఆరు సెన్సార్లు. జాగా ఎంచుకునేటప్పుడు గెట్టు పక్కన, వాల్వు దగ్గరి మొదటి సాలులో, చివరి సాలులో వద్దు. తోట నడుమ, మరీ ఏపుగానూ మరీ గిడసబారీ లేని మొక్క దగ్గర, డ్రిప్పరుకు 10 నుంచి 15 సెం.మీ. దూరంలో మొక్క వైపు పెట్టాలి. సరిగ్గా డ్రిప్పరు కింద పెడితే ఎప్పుడూ తడే చూపిస్తుంది.

సెన్సార్ లావు 22 మి.మీ. ఉంటే గుంత చేసే కడ్డీ కూడా అంతే ఉండాలి. గుంత వెడల్పయితే చుట్టూ గాలి మిగులుతుంది. తీసిన మట్టినే జల్లించి, నీళ్లు కలిపి, దోసె పిండిలా పలచగా చేసి ఓ గ్లాసు గుంతలో పోసి, ఆ బురదలోకి సెన్సార్‌ను దించాలి. పైన మట్టి కూరి కాలితో కాదు, కర్రతో పొరలు పొరలుగా దట్టించాలి. వదులుగా ఉంటే డ్రిప్పు నీరు ఆ గుంత వెంబడే జారి సెన్సార్‌ను తడిపేస్తుంది. మొదటి రెండు మూడు రోజుల రీడింగులు లెక్కలోకి తీసుకోవద్దు.

రేగడిలో ఇంత చేసినా ఒక తప్పు జరిగింది. వాల్వు తెరిచిన పది నిమిషాలకే 30 సెం.మీ. సెన్సార్ 38 నుంచి సున్నాకు పడింది. 15 సెం.మీ.ది మాత్రం కదల్లేదు. మామూలుగా పైది తడవకుండా కిందిది తడవడం కుదరదు. రేగడి ఎండేకొద్దీ ముడుచుకుని సెన్సార్ పక్కన పగులు తీసింది, నీరు ఆ పగుల్లోంచి నేరుగా అడుగుకు దిగింది. తీసి, అడుగు పక్కకు జరిపి, చిక్కటి బురదతో మళ్లీ పాతి, మల్చింగ్ షీటు చిరిగిన చోట అతికించాక సర్దుకుంది. ఈ గుర్తు మరచిపోవద్దు: లోతు సెన్సార్ ముందు తడిస్తే అంకెను నమ్మకూడదు, మట్టిని తవ్వి చూడాలి.

రెండు లోతులు ఎందుకు

ఒక్క సెన్సార్‌తో ‘ఎప్పుడు’ అన్నది తెలుస్తుంది, ‘ఎంతసేపు’ అన్నది తెలియదు. 15 సెం.మీ.ది ఎప్పుడు తెరవాలో చెబుతుంది, 30 సెం.మీ.ది ఎప్పుడు ఆపాలో చెబుతుంది.

చెలకలో ఒక మామూలు పొద్దు ఇలా నడుస్తుంది. ఆరింటికి పైది 24, కిందిది 14. ఏడింటికి వాల్వు తెరిస్తే 40 నిమిషాలకు పైది 11కి దిగుతుంది, కిందిది 14 దగ్గరే ఉంటుంది. అక్కడ ఆపాలి. ఇంకో గంట నడిపితే కిందిది కూడా 9, 8కి దిగుతుంది. అంటే నీళ్లు వేర్లను దాటి పోతున్నాయి, నిన్న వేసిన ఎరువు కూడా వాటితోనే. చెలకకు లెక్క ప్రకారం రోజుకు 72 నిమిషాలు కావాలి. ఒకేసారి ఇస్తే కిందికి జారుతోందని పొద్దున 36, మధ్యాహ్నం ఒంటిగంటకు 36 నిమిషాలుగా విడగొట్టాం.

రేగడిలో దీనికి ఎదురు. 30 సెం.మీ.ది పది పైకి రాకుండా వరసగా మూడు రోజులుంటే పైది 40 దాటినా తెరవొద్దనే నియమం పెట్టాలి. వేరుకుళ్లు, ఎండు తెగులు ఉన్న పొలంలో ఇది చాలా ముఖ్యం. మొదటి వారం ఇలా ఆపినప్పుడు పైమట్టి పొడిగా కనిపిస్తుంటే ఎవరికైనా గాబరా పుడుతుంది. గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో ఒత్తితే ముద్దయి, వేలితో నొక్కితే పట్టీలా సాగుతోందంటే లోపల నీళ్లున్నట్టే. మన తాతల పరీక్ష సెన్సార్‌కు పోటీ కాదు, సాక్షి.

వాల్వులు, మోటరు

ఖర్చులో, తలనొప్పిలో పెద్ద వాటా సెన్సార్లది కాదు, వాల్వులది. రెండించుల సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునేది) లోపల సన్నటి రంధ్రం ఉంటుంది, బోరు ఇసుక ఒక్క రవ్వ అందులో ఇరుక్కుంటే వాల్వు మూసుకోదు. అందుకే ముందు ఇసుకను వేరుచేసే హైడ్రోసైక్లోన్, తర్వాత 120 మెష్ డిస్క్ ఫిల్టరు తప్పనిసరి. ఫిల్టరుకు అటూఇటూ ప్రెషర్ గేజీలు పెట్టి, తేడా 0.5 కిలోలు దాటితే కడగాలి. ఈ వాల్వులు పూర్తిగా తెరుచుకోవాలంటే కిలో దగ్గరి ఒత్తిడి కావాలి. ఫిల్టరు మూసుకుపోతే వాల్వు పాడైందనుకుని మార్చేవాళ్లున్నారు.

వరస తప్పితే పైపు పగులుతుంది. మొదట వాల్వు తెరవాలి, 15 సెకన్లాగి మోటరు వేయాలి. ఒక ఎకరం నుంచి మరో ఎకరానికి మారేటప్పుడు కొత్త వాల్వు తెరిచాకే పాతది మూయాలి. చివర్లో మోటరు ఆపాక వాల్వు మూయాలి. ఈ వరసను, సెన్సార్ అంకె చూసి వాల్వులు నడిపే కంట్రోలర్‌లోనే రాసిపెట్టాలి, అయినా ప్రెషర్ రిలీఫ్ వాల్వు ఒకటి విడిగా ఉండాల్సిందే.

మోటరుకు మొబైల్ స్టార్టర్ (ఫోన్‌తో వేసి ఆపేది) ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు తీసేయాలని విద్యుత్ శాఖ చెబుతూ వచ్చింది. కారణం సబబే. కరెంటు పోయి రాగానే ఊళ్లోని మోటర్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, అవసరం లేకున్నా నీళ్లు పారుతూనే ఉంటాయి. కాబట్టి కరెంటు తిరిగొచ్చాక వెంటనే లేవకుండా ఏడెనిమిది నిమిషాల ఆలస్యం పెట్టాలి. లేచే ముందు సెన్సార్ ఇంకా నీళ్లడుగుతోందా అని చూసేలా చేయాలి. ఫేజ్ పోతే ఆగడం, బోరు ఖాళీ నడిస్తే ఆగడం కూడా స్టార్టర్‌లో ఉండాలి. ఖాళీ నడకకు మామూలు రోజుల ఆంపియర్లు రాసుకుని, దానికి ఓ మూడో వంతు తక్కువకు హద్దు పెడితే సరిపోయింది.

కరెంటు బిల్లు లేని చోట ‘ఆదా’ అంటే రైతు చెవికెక్కదు, ఎక్కాల్సిన అవసరమూ లేదు. లెక్క చూద్దాం. పాత పద్ధతిలో రెండు రోజులకు మూడు వాల్వులూ కలిపి 9 గంటలు. కొత్తదాంట్లో చెలక రెండెకరాలకు 4.8 గంటలు, రేగడికి సగటున 2.4, మొత్తం 7.2 గంటలు. ఐదో వంతే తగ్గింది. ఈ మాత్రం నీళ్ల కోసం ఇన్ని తీగలు లాగనక్కర్లేదు. అసలు లాభం రేగడిలో వేర్లకు గాలి ఆడడం, చెలకలో పూత రోజులు ఒడిదుడుకులు లేకుండా గడవడం, ఎరువు వేర్ల దగ్గరే నిలవడం.

చెడినవి

రేగడి స్టేషన్ వైరును పందికొక్కు కొరికింది. తెగిన వైరుకు బోర్డు 199 చూపింది, అది ఆ బోర్డు చూపగల గరిష్ఠ అంకె. కంట్రోలర్ దాన్ని నేల నెర్రెలిచ్చినట్టు అర్థం చేసుకుని వాల్వు తెరిచింది. ఎంత నడిచినా అంకె దిగదు కదా, మూయలేదు. ఒక్కో వాల్వుకు నాలుగు గంటల గరిష్ఠ హద్దు ఉండబట్టి అక్కడ ఆగింది. లేకుంటే తెల్లారేసరికి రేగడి మడి అయ్యేది. దీని తర్వాత రెండు నియమాలు చేర్చాం. అరగంటలో 30 నుంచి 199కి ఏ నేలా ఎండదు, కాబట్టి అలాంటి గెంతు వస్తే దాన్ని ఎండగా కాక తెగిన వైరుగా తీసుకోవాలి. ఆరు గంటలపాటు సరైన రీడింగ్ లేకపోతే చెలకకు రోజుకు 60 నిమిషాల స్థిర టైమర్‌కు మారాలి, రేగడికి ఆ రోజు ఆపేయాలి. కచ్చితంగా సున్నా దగ్గర కదలకుండా నిలిచినా అనుమానించాలి, వైర్లు ఒకదానికొకటి తగిలి ఉంటాయి. వైరంతా 20 మి.మీ. కండ్యూట్ పైపులో వేసి అడుగు లోతున పూడ్చాం. పైపైన వేస్తే గుంటక తోలినప్పుడు తెగుతుంది.

కోతులు వేరే అధ్యాయం. మెరిసే సోలార్ ప్యానెల్, ఊగే యాంటెనా రెండూ వాటికి ఆటవస్తువులే. ఐదు వాట్ల ప్యానెల్‌ను రెండు మీటర్ల ఇనుప పైపు మీద బిగించి, కింద ముళ్లకంప చుట్టి, యాంటెనాను పీవీసీ పైపు లోపల దాచాక ఊరుకున్నాయి. పీవీసీలోంచి సిగ్నల్ పోతుంది, ఇనుప డబ్బాలోంచి పోదు. డబ్బా దుమ్ము, నీరు చొరని ఐపీ65 రకమైనా వైరు దూరే గ్లాండు కిందికి చూడాలి. పైకి చూస్తే వాన నీరు వైరు వెంట లోపలికి దిగుతుంది. గ్లాండు వదులుగా ఉంటే చీమలు గూడు పెడతాయి.

స్టేషన్ల నుంచి మోటరు షెడ్డు దాకా లోరా రేడియో (తక్కువ కరెంటుతో దూరం దాకా సిగ్నల్ పంపేది). మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్స్ అక్కర్లేదు. అరగంటకోసారి రీడింగ్ పంపి మిగతా సమయం నిద్రపోయేలా పెడితే చిన్న లిథియం సెల్లు ముసురు రోజుల్లో కూడా నిలుస్తుంది. షెడ్డు నుంచి బయటికి 4జీ సిమ్. ఒకసారి రీఛార్జి గడువు అయిపోయి మూడు రోజులు ఫోన్‌కు ఏమీ రాలేదు, తోటకు మాత్రం నీళ్లు అందాయి. తెరవాలా మూయాలా అన్న నిర్ణయం పొలంలోని కంట్రోలర్‌లోనే ఉండడం వల్ల. ఇంటర్నెట్ లేకపోతే వాల్వు తెరవని వ్యవస్థను ఎవరు అమ్మజూపినా వద్దనాలి.

ఇంకొకటి, చిన్నదిగా కనిపించేది. యాప్‌లో గ్రాఫులు పట్టాదారు ఫోన్‌కు వస్తున్నాయి, రోజూ తోటలో ఉండేది మాత్రం ఇంట్లో ఆడవాళ్లు, జీతానికున్న మనిషి. వాళ్లకు తెలుగులో మాట రూపంలో ఫోన్ వచ్చేలా మార్చాకే పైపు ఊడిందనో, ఫిల్టరు నిండిందనో కబురు అదే రోజు అందడం మొదలైంది.

దిగుబడి ఎంత పెరిగిందన్న ప్రశ్నకు ఈ కేసు నుంచి క్వింటాళ్ల అంకె ఇవ్వడం నిజాయితీ కాదు. నల్లతామర పురుగు 2021-22లో వచ్చి తోటలకు తోటలు తుడిచిపెట్టినప్పటి నుంచి ఏ రెండు సీజన్లనూ పక్కపక్కన పెట్టి పోల్చలేం. తేమ సెన్సార్ తామరపురుగును ఆపదు, బొబ్బర తెగులును ఆపదు. ఎండు తెగులు కొత్త మొక్కలకు పాకడం ఆగింది, అప్పటికే సోకిన మొక్కలు బతకలేదు. తెగులు కారకం మట్టిలోనే ఉంటుంది కాబట్టి రేగడి ఎకరంలో వచ్చే సీజన్ మిర్చి వేయకుండా మక్క వేయడమే మంచిది.

ఏప్రిల్‌లో చివరి కోత అయ్యాక, మల్చింగ్ షీటు లాగే కూలీలు రాకముందే సెన్సార్లు తీయాలి. వైరు పట్టి గుంజితే మెడ దగ్గర తెగుతుంది. పక్కన గుంత తీసి, నీళ్లు పోసి మెత్తబడ్డాక చేత్తో ఎత్తాలి. కడిగి, నీడన ఆరబెట్టి, ఏది ఏ ఎకరంలో ఏ లోతులో ఉందో చీటీ కట్టి, వైరు కొనలకు టేపు చుట్టి, సెల్లు విడదీసి ఎలుకలు చేరని రేకు డబ్బాలో పెట్టాలి. ఆగస్టులో నారు నాటే ముందు ఆరింటినీ ఒకే బక్కెట్ నీళ్లలో వేసి చూడాలి. అన్నీ సున్నా పక్కకు రావాలి, రాని దాన్ని పాతొద్దు.